దీపం పట్టిన శనివారాలు

మా పక్కింటాయన తన గ్యారేజీ తలుపుకు నూనె పెట్టడు. ఇది పెద్ద నేరం కాదని నాకూ తెలుసు. కానీ ప్రతి సాయంత్రం ఆరింటికి ఆ రేకు తలుపు పైకి చుట్టుకుంటూ పెట్టే కీచు పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో మా వీధి సగానికి వినబడుతుంది. మొహమాటస్తుణ్ణి కనుక నోటితో చెప్పలేక, పోయిన క్రిస్మస్‌కు ఒక నూనెడబ్బా కొని, రిబ్బను కట్టి కానుకగా ఇచ్చాను. ఆయన చాలా సంతోషించాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపల అరమీద ఆ డబ్బా రిబ్బనుతో సహా దర్శనమిస్తూ ఉంటుంది.

మొన్న చలికి కిటికీలు మూసుకుని టీ తాగుతుండగా ఆ కీచు మళ్ళీ వచ్చింది. తలుపు ఎక్కడో పట్టేసినట్టుంది. మూడుసార్లు ఆగి ఆగి అరిచింది, చివరి అరుపు సన్నగా సాగి తెగిపోయింది. నా కుడిచేయి దానంతటదే లేచి, చేతిలో లేని దీపాన్ని ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పింది. మా ఆవిడ చూసి, బిస్కట్లు నా చేతికి దూరంగా జరిపింది. ఆ శబ్దం నా చెవికి గ్యారేజీ తలుపు కాదు, గాయపడ్డ కుందేలు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, గాయపడ్డ కుందేలులా ఏడుస్తున్న ఖాదర్ అంకుల్.

తొంభై తొమ్మిదిలో నేను ఆస్ట్రేలియాలోని ఈ పెర్త్ వచ్చాను. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ చివరి రెండు సున్నాలు చూసి, పంతొమ్మిది వందల సంవత్సరంలో ఉన్నామనుకుని ప్రపంచాన్ని ముంచేస్తాయని అందరూ భయపడుతున్న రోజులు. ఆ భయం పుణ్యమా అని తెనాలి పక్కనుంచి నాలాంటివాడికి కూడా విమానం టిక్కెట్టు దొరికింది. ఖాదర్ గారు మా ప్రాజెక్టులో పరీక్షల విభాగానికి పెద్ద. కడపవాడు, నాకంటే పాతికేళ్ళ ముందు వచ్చి స్థిరపడ్డవాడు. మేము సవరించిన ప్రోగ్రాములు ఆయన సరేనంటేనే గడప దాటాలి. ఆయన చాలా అరుదుగా సరేననేవాడు. ఆఫీసులో ఇరవై ఏళ్ళ పిల్లలు కూడా ఆయనను "ఖాదర్" అని పిలిచేవారు. నాకు నోరు రాలేదు. "సార్" అంటే "సార్ ఇక్కడ ఎవుడూ లేడు" అన్నాడు. ఒక నెలపాటు ఏమీ పిలవకుండా, ఎదురుగా నిలబడి దగ్గుతూ నెట్టుకొచ్చాను. చివరకు ఆయనకే విసుగొచ్చి, "ఆ దగ్గుకు మందన్నా తీసుకో, లేకుంటే అంకులన్నా అను" అన్నాడు.

నాలో ఇంకొక గుణం ఉండేది, ఊకొట్టడం. మా వైపు పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే నడుమనడుమ ఊఁ అనకపోతే వినడం లేదని అర్థం. ఊఁ అంటే వింటున్నానని మాత్రమే, అవునని కాదు. ఈ తేడా అందరికీ తెలుసు గనుక మా ఊళ్ళో ఎన్నడూ ప్రాణాపాయం కలగలేదు. ఖాదర్ అంకుల్ దగ్గర మాత్రం అది చెల్లలేదు. ఆయన ఫలితాల కాగితాల దొంతర నావైపు తోసి, "చదువు" అని కళ్ళు మూసుకునేవాడు. పైనుంచి కిందికి ప్రతి అంకె బిగ్గరగా చదవాలి.

"ఫిబ్రవరి ఇరవై తొమ్మిది వచ్చిందా?" అన్నాడు ఒకరోజు.

"ఊఁ."

"ఊఁ అంటే ఏందప్పా? చూసినావా, వచ్చింటాదిలే అనుకున్నావా?"

చూశాను. ఇరవై ఎనిమిది తరువాత తిన్నగా మార్చి ఒకటి ఉంది. లీపు సంవత్సరంలో ఒక రోజు మొత్తం మాయమైపోయింది, దానికి నేను ఊఁ కొట్టాను. ఆయన కేకలు వేయలేదు. కళ్ళు తెరవకుండానే, "నువ్వనుకున్నది నాకొద్దు. కనపడింది చెప్పు. కనపడకుంటే కనపడలేదని చెప్పు. ఆ మాటకు సిగ్గేం లేదు" అన్నాడు. ఇంత కఠినమైన పద్ధతిని ఏ విశ్వవిద్యాలయంలో నేర్చుకున్నాడా అని మేమందరం ఆశ్చర్యపడేవాళ్ళం.

ఆ ఏప్రిల్‌లో ఆయన నన్ను వేటకు పిలిచాడు. పెర్త్‌కు తూర్పున రెండు గంటల దూరంలో మార్గరెట్ అనే ఆమెకు గొర్రెల పొలం ఉంది. ఆమె భర్త అంకుల్‌కు స్నేహితుడు. తుపాకి పట్టడం నేర్పింది అతనే. అతను పోయాక, గొర్రెలు ఈనే కాలమంతా ప్రతి శనివారం వెళ్ళి నక్కలు కొట్టి రావడం అంకుల్ తనమీద వేసుకున్నాడు. లేకపోతే పొద్దున లేచేసరికి అప్పుడే పుట్టిన పిల్లల్లో సగానికి నాలుకలు ఉండవు, నక్కలు ముందు వాటినే కొరికి తింటాయి. తుపాకి పక్కన నిలబడి పెద్ద టార్చి దీపం పట్టడానికి ఒక మనిషి కావాలి.

"మీ ఇంట్లో మాంసం తినరు గదా?" అన్నాడు.

"తినం అంకుల్."

"మంచిది. నక్కను ఎట్లాగూ ఎవురూ తినరు."

ఆ వారం ఫోనులో మా అమ్మతో, శనివారం సాయంత్రాలు దీపం పడుతున్నానమ్మా అన్నాను. ఆమెకు పెడుతున్నానని వినబడింది. పరాయి దేశంలోనూ కొడుకుకు ఇంత భక్తి ఉన్నందుకు ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను ఊఁ కొట్టాను.

నక్కలు ఈ దేశపువి కావు. వేట సరదా తీరక తెల్లవాళ్ళు ఓడలో తెప్పించుకున్నవి. బయటినుంచి వచ్చి, ఇక్కడివాళ్ళకు ఇబ్బంది కలిగిస్తూ, సంఖ్య పెంచుకుంటున్నాయని వాటిమీద ఫిర్యాదు. వీసా మీద వచ్చినవాణ్ణి కనుక ఆ మాట వచ్చినప్పుడల్లా నేను బూట్ల వంక చూసుకునేవాణ్ణి.

ఆ పొలం పగలు చూస్తే మామూలు పొలమే. పొద్దు వాలాక కాదు. ఒకపక్క భూమి ఉప్పు పట్టి తెల్లగా మెరుస్తూ ఉంటుంది. అందులో ఎప్పుడో చచ్చిపోయిన చెట్లు బెరడు రాలి, చేతులెత్తిన ఎముకల్లా నిలబడి ఉంటాయి. గాలి ఉండదు. దీపం వేయగానే గడ్డినిండా ఆవగింజలంత ఆకుపచ్చ నిప్పురవ్వలు లేస్తాయి. అవన్నీ సాలీళ్ళ కళ్ళు. మొదటిరోజు అది తెలిశాక కాలు ఎక్కడ పెట్టాలో తోచక ఒంటికాలిమీద కొంతసేపు నిలబడ్డాను. గొర్రెల కళ్ళు నీలిపచ్చగా, గుంపులుగా, చెదరకుండా ఉంటాయి. నక్కవి ఎర్రటి జంట; ఒకసారి చూసి ఆరిపోతాయి, మళ్ళీ ఇంకొకచోట, ఇంకా దగ్గరలో వెలుగుతాయి. నడుమ అది నడిచిన చప్పుడు ఉండదు.

పిలుపు అంకుల్‌దే. మడతపెట్టిన చిన్న రేకుబిళ్ళ, నడుమ రంధ్రం, నాలుకమీద పెట్టుకుని ఊదాలి. చచ్చిపోతున్న కుందేలు ఏడుపు. ఆ ఏడుపు పసిబిడ్డ ఏడుపుకు ఎంత దగ్గరో చెప్పలేను. చీకట్లో నా పక్కన, రోజూ అంకెలు చదివించే ఆ పెద్దమనిషి గొంతులోంచి అది వస్తుంటే నా వీపుమీద వెంట్రుకలు లేచేవి. సాయం కావాలని అరిచినట్టు ఉంటుంది, వచ్చేవాడు తినడానికి వస్తాడు, వచ్చినవాడే చస్తాడు. ఈ ముగ్గురిలో నేను ఎవరి పక్షమో ఎప్పుడూ తేల్చుకోలేకపోయాను. మధ్యేమార్గంగా దీపం పట్టుకున్నాను.

మే నెలలో ఒకసారి ఒక నక్క మా ముందుకొచ్చి కూర్చుంది. పాతిక అడుగులు కూడా లేదు. మీసాలు కనబడుతున్నాయి. తల ఒకపక్కకు వంచి, ఏడుస్తున్నది ఎవరా అన్నట్టు మమ్మల్ని చూసింది. అంకుల్ తుపాకిమీది దుర్భిణిలో చూశాడు, గుడ్డతో అద్దం తుడిచాడు, మళ్ళీ చూశాడు, మళ్ళీ తుడిచాడు. "మంచు పట్టింది" అన్నాడు. నక్క లేచి, ఒళ్ళు విరుచుకుని వెళ్ళిపోయింది. "పోనీలే, ఆడది" అన్నాడు. అది వెళ్ళిన దిక్కుకు కాదు, దానికి ఎదురు దిక్కుకు చూస్తూ అన్నాడు.

నాకు అప్పుడు తెలిసింది. తిరుగు ప్రయాణంలో "నీకు డ్రైవింగ్ ప్రాక్టీసు కావాల" అంటూ తాళాలు ఎందుకిస్తున్నాడో, కాగితాలు ఎందుకు బిగ్గరగా చదివిస్తున్నాడో, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. కానీ తెలియడం వేరు, అనడం వేరు. పెద్దవాణ్ణి పట్టుకుని మీకు కనబడటం లేదా అని అడగడం మా ఇంటా వంటా లేదు. పైగా ఆయన ఎవరినీ కొట్టడం లేదు, గురి కుదరలేదని వదిలేస్తూనే ఉన్నాడు. అలా ఇంకొన్ని శనివారాలు గడిపాం: చూపులేని తుపాకి, నోరులేని దీపం.

జూలైలో ఆ సాయంత్రం పొగమంచు నిజంగానే ఉంది. ఉప్పునేల మీదనుంచి మోకాలెత్తున పాకుతోంది. అంకుల్ మూడుసార్లు ఊదాడు. నేను దీపం తిప్పాను. చచ్చిన చెట్ల మొదట్లో, గడ్డికి కొంచెం పైన, రెండు కళ్ళు వెలిగాయి.

"నక్కేనా?" అన్నాడు అంకుల్.

"ఊఁ" అన్నాను.

తుపాకి బోల్టు ముందుకు జరిగి తూటాను లోపలికి తోసిన చప్పుడు. ఆయన చెంప కర్రమీద ఆనింది. నా ఊఁ ఆవిరై ఇంకా నా ముఖం ముందే వేలాడుతోంది. అది అవును కాదని నాకు తెలుసు, ఆయన అవుననే తీసుకున్నాడనీ తెలుసు. కళ్ళు ఆరలేదు. ఎర్రగా లేవు. తెల్లగా, గుండ్రంగా, రెప్ప వేయకుండా మమ్మల్నే చూస్తున్నాయి. చావుకేకకు వచ్చిన ఏ జంతువూ అంత నిలకడగా చూడదు.

"ఎర్రగుండాయా?" ఆయన వేలు తుపాకి మీటమీదికి వెళ్ళింది.

"అంకుల్, నాకు తెలియదు." నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నక్కో కాదో తెలియదు. ఊఁ అంటే వింటున్నానని."

ఆయన చాలా మెల్లగా బోల్టు వెనక్కి లాగాడు. తూటా ఎగిరి గడ్డిలో పడింది. అప్పుడు ఆ రెండు కళ్ళు పైకి లేచాయి. నడుము ఎత్తుకు, భుజాల ఎత్తుకు, మనిషి ఎత్తుకు లేచి అక్కడ ఆగాయి. వాటి కింద ఏదో తెల్లగా మెదిలి సన్నగా అరిచింది.

"ఆ దిక్కుమాలిన దీపం నా ముఖంమీదనుంచి తియ్యండి" అంది మార్గరెట్.

అంతవరకు ఆమె కష్టపడి ఈనుతున్న గొర్రె దగ్గర మోకాళ్ళమీద కూర్చుని ఉంది. చేతిదీపం ఆరిపోయి, మా వెలుగు చూసి తలెత్తింది. చేతుల్లో తడితడిగా గొర్రెపిల్ల. ముఖంమీద ఆమె గుండ్రటి కళ్ళద్దాలు.

వంటింట్లో ఆమె చేతులు కడుక్కుని టీ పెట్టింది. గొర్రెపిల్లను పొయ్యి దగ్గర అట్టపెట్టెలో పడుకోబెట్టింది. "పదేళ్ళుగా ఇవే కళ్ళద్దాలు ఖాదర్, నక్కలా ఎప్పుడైనా కనబడ్డానా?" అంది. అంకుల్ కప్పులోకి చూస్తూ, "మంచు" అన్నాడు. ఆమె నావైపు తిరిగింది. నేను అంకుల్ వైపు చూశాను. ఆయన నావైపు అనుకున్న దిక్కుకు ముఖం తిప్పి, "చెప్పప్పా" అన్నాడు.

నేను ఇంగ్లీషులో చెప్పాను. తెలుగులో అయితే ఆ వాక్యానికి ఒక గారు తగిలించి, ఒక కొంచెం కలిపి, చివరకు ఏమీ చెప్పకుండానే ముగించేవాణ్ణి. ఇంగ్లీషులో అది మూడే మాటలు, హి కాంట్ సీ, మర్యాద పెట్టడానికి ఎక్కడా చోటు లేదు. అంకుల్ తుపాకి బోల్టు ఊడదీసి బల్లమీద, చక్కెర డబ్బా పక్కన పెట్టాడు. అది లేనిదే తుపాకి పేలదు. మార్గరెట్ దాన్ని పాత్రలు తుడిచే గుడ్డలో చుట్టి సొరుగులో వేసింది. తరువాతి వారం తుపాకిని ఆయనే పోలీసు స్టేషనులో అప్పజెప్పాడు. నేను కారు నడిపాను.

ఆ డిసెంబరు ముప్పై ఒకటిన ప్రపంచం మునగలేదు. ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, నేను ప్రతి పంక్తీ బిగ్గరగా చదివాను, ఫిబ్రవరి ఇరవై తొమ్మిదితో సహా. కొన్నేళ్ళకు చూపు పూర్తిగా పోయింది, ఇంకొన్నేళ్ళకు ఆయనా పోయారు. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలచేత నేనూ ఫలితాలు బిగ్గరగా చదివిస్తాను. అదొక గొప్ప పద్ధతని వాళ్ళు నమ్ముతారు. ఒక మనిషి దాచుకున్న చీకటినుంచి పుట్టిందని నేను చెప్పలేదు. తెలియనప్పుడు తెలియదంటాను, అది చాలావరకు వచ్చింది. తెలిసినప్పుడు తెలుసనడమే ఇంకా కష్టం.

ఆ జూలై సాయంత్రం తిరుగు ప్రయాణంలో కారు నేనే నడిపాను. ఆయనకు కోపం వచ్చిందనుకుని నేను రోడ్డుమీదనుంచి చూపు తిప్పలేదు. పెర్త్ దీపాలు దూరంగా కనబడుతుండగా, ఎదురుగా ఉన్న అద్దంలోకి చూపులేని చూపుతో చూస్తూ అన్నాడు:

"నువ్వు చెప్తావని పన్నెండు శనివారాలు కాచుకున్నాను. ఆమె చావు ముందరికి వస్తేగానీ నీ నోరు పెగల్లేదు."