అత్తమ్మ మళ్లీ దూరం కూర్చున్న నెల

మా ఆయన శక్తినగర్ కరెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తూ, మేము అక్కడి క్వార్టర్సులో ఉన్న రోజుల్లో మా అత్తమ్మ రాయచూరు నుంచి వచ్చి కూతురింట్లో కొన్నాళ్లు, మా దగ్గర నెలల తరబడి ఉండేది. మామ మాత్రం బజారులో బట్టల దుకాణం వదిలి కదలడు. ఆమె ఉన్నన్నాళ్లూ వంటిల్లు ఆమెది, నోరు నాది.

ఒక పొద్దున ఆమె వంటింట్లోకి రాలేదు. వెనక వరండాలో చాప వేసుకుని, తన పళ్లెం, గ్లాసు విడిగా పెట్టుకుని కూర్చుంది. ముట్టు ఆగి అప్పటికి ఆరేళ్లు.

"ఏంది అత్తమ్మా, గిక్కడ కూసున్నరు?"

"దూరమున్ననే. మళ్ల వచ్చింది. నాకింకా వయసైపోలే, చూసినవా?"

"అయితే నాకో మరిదిని కనియ్యుండ్రి."

కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం. మూడు రోజులు చాయ్ అక్కడికే అందించి, ఆ సంగతే మరిచిపోయాను.

ఇరవై రోజులు తిరక్కుండానే మళ్లీ చాప పరిచింది. ఈసారి నాకు భయమేసింది. భయమేస్తే నాకు కోపమొస్తుంది. "ఆచారం తర్వాత, ముందు లేవుండ్రి" అని గదమాయించి, కంపెనీ బస్సెక్కించి రాయచూరులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

ముక్క తీసి పరీక్షకు పంపితే, గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్ అని తేలింది. కాపురంలో సోకే ఒక వైరస్ దీనికి మూలమని డాక్టరమ్మ చెప్పింది. చాలామందికి సోకి దానంతటదే పోతుందట, కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండి ఇంత పని చేస్తుందట. ఎవరి తప్పూ కాదంది.

బయటికి రాగానే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వైరస్ ముచ్చట మీ మామకు చెప్పకు. తన తప్పే అనుకొని తిండి మానేస్తడు." తన ప్రాణం సంగతి అడగనేలేదు. ఆమె మీద నాకు ఎన్నడూ అంత ప్రేమ కలగలేదు.

హైదరాబాదులో రేడియేషన్, అదే అందరూ అనే కరెంటు, పెట్టారు. "కొడుకు కరెంటు తయారుచేస్తె తల్లికి పెడుతున్నరు" అని నర్సులను నవ్వించేది. తర్వాత పదకొండేళ్లు బతికింది కానీ, ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు. ఒకరోజు మంచం పక్కన కూర్చుని ఉండబట్టలేక ఏడ్చేశాను.

"మొదటిసారే తీస్కపోవాల్సుండె. నవ్వుకుంట కూసున్న. తప్పు నాదే అత్తమ్మా."

ఆమె నా తల నిమిరింది.

"అది మొదటిసారి కాదే పిచ్చిదానా. అంతకుముందు నా బిడ్డ ఇంట్ల ఉన్నప్పుడు రెండుసార్లైంది. అది అరుస్తదని దాచిపెట్టి, వంట గూడ చేసిన. నువ్వైతే నవ్వుతవని నీకు చెప్పిన."