సూది దిగిన కంబం

మా ఆవిడ కుట్టుపని చేస్తూ సూదులన్నీ వసారా కంబానికి గుచ్చుతుంది. జహనుమా బస్తీలో ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ అదే అలవాటు. మిషన్ లోపలే ఉంటుంది. హుక్కులు, ఫాల్స్ లాంటి చేతిపనికి మాత్రం వసారాలో ఎడమ కంబం దగ్గర పీట వేసుకుంటుంది. అక్కడైతే వెలుతురు బాగుంటుంది, వీపు నొప్పెడితే ఆనుకోవచ్చు. ఆమె మోచేతి పక్కన, నేలకు జానెడున్నర పైన, సన్నసూది నుంచి దబ్బనం దాకా వరసగా నిలబడి ఉంటాయి. ఆ మధ్య నుంచి, బ్లౌజులు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ల చేత నాలుగైదు సూదులకు దారం ఎక్కించి పెట్టించుకునేది. పని తొందరగా సాగాలని అలా చేస్తుందనుకున్నాను. మొదట్లో సూది గుచ్చాలంటే వేలికి అంగుస్తానా తొడుక్కుని బలంగా నొక్కాల్సి వచ్చేది. కట్టె అంత గట్టిగా ఉండేది.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ, కింద పడున్న దబ్బనం తీసి కంబానికి గుచ్చాను. బెజ్జం దాకా దిగిపోయింది. బయటికి లాగితే కొసకు తడి అంటుకుని వచ్చింది.

లోపలికి పోయి స్క్రూడ్రైవర్ తెచ్చి ఇంకాస్త కిందుగా, కంబం మొదట్లో చుట్టూ ఉన్న సిమెంటు మొదలయ్యే చోట పొడిచాను. పిడి దాకా పోయింది. ఆ కంబం మీద దూలం ఉంది, దూలం మీద వసారా అంత పొడవునా బెంగళూరు పెంకులున్నాయి, వాటన్నిటి కింద మా ఆవిడ కూర్చుని హుక్కు కుడుతోంది.

"ముందు లోపలికి రా."

"ఏంది?"

"రా అంటున్న గదా."

"రెండు హుక్కులున్నయి, కుట్టి వస్త."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. భయం వేస్తే ఇంకా ముందుకొస్తుంది. ఆమె చేతిలోని బ్లౌజు లాక్కున్నాను, పీట ఎత్తుకుని లోపలికి విసిరేశాను. ఆమె నావైపు ఒకసారి చూసి, సూది నోట్లో పట్టుకుని, లేచి వచ్చింది.

మర్నాడు గల్లీ చివర ఇల్లు కడుతున్నవాళ్లను బతిమాలి రెండు సెంట్రింగ్ కర్రలు తెచ్చి దూలానికి ఆనించాను. అయినా ధైర్యం రాలేదు. ఫలక్‌నుమా స్టేషన్‌లో నాది టికెట్ కౌంటర్ ఉద్యోగం. ఆ వారం ఎవరికి ఎక్కడికి టికెట్ కొట్టానో నాకే తెలియదు. రెండు రైళ్ల మధ్య ఫోన్‌లో వాన ఎప్పుడో చూడటం, పక్క కౌంటర్ వాళ్లను ఏ కట్టె మంచిదని అడగటం, ఇదే పని. ఒకరు టేకు అన్నారు. టేకు పేరుతో ఇప్పుడు ఏదేదో అంటగడుతున్నారని ఇంకొకరు అన్నారు. వేపకు చెద పట్టదని మరొకాయన అన్నారు, అది ఎండకు పగులుతుందని ఆయనే మళ్లీ అన్నారు. నల్లమద్ది నీళ్లలో నానినా ఏమీ కాదని మా పెద్దసారు చెప్పారు. అందరూ చెప్పింది విని అందరినీ అనుమానించాను. ఆరుబయట వానకు తడిసి, ఎండకు ఎండే కంబం అది. తప్పు కట్టె తెస్తే ఆ తప్పు ఎవరి నెత్తి మీద పడుతుందో నాకు తెలుసు.

కట్టె గొడవే వద్దు, ఇనుప పైపు నిలబెట్టమన్నారు పొరుగువాళ్లు. నాకూ అదే తేలిక అనిపించింది. ఆమె ఒప్పుకోలేదు.

"ఇనుప పైపుకు సూది ఎట్ల గుచ్చాలె? ఎండకాలం ఆనుకుంటె వీపు కాలదా?"

సూది కోసం కంబం కట్టుకునే ఇల్లు మాదొక్కటే అని గొణుక్కున్నాను. కానీ దాని కింద కూర్చునేది ఆమె, నేను కాదు.

బహదూర్‌పురాలో తలుపులు చేసే ముసలి ఉస్తాద్ ఒకాయన ఉన్నారు. మా గల్లీలో సగం దర్వాజాలు ఆయన చేతివే. ఆదివారం ఆయనను వెంటబెట్టుకుని కట్టెల డిపోకు పోయాం. తనూ వస్తానంది మా ఆవిడ. డిపో ఆయన ముందుగా చూపించిన దుంగ చూడగానే నా మనసు దాని మీదికి పోయింది. బంగారు రంగు, సూటిగా ఉంది, ఒక్క మచ్చ లేదు. కొత్తది. కొత్తదైతే ఎక్కువ రోజులు వస్తుందని నా లెక్క.

ఉస్తాద్ దాన్ని చివరి వైపు తిప్పి, ఉమ్ము తడితో బొటనవేలు పెట్టి రుద్దారు. మధ్యలో అరచేయంత గోధుమరంగు, చుట్టూ తెలుపు.

"ఇది లేత చెట్టు బేటా. నడుమ ఉన్నదే చేవ. ఈ తెల్లదంత చెదలకు బిర్యానీ."

నేను నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోయాను. మా ఆవిడ కొంగుకు గుచ్చుకున్న సూది తీసి తెల్లటి చోట నొక్కింది, దిగింది. గోధుమరంగు చోట నొక్కింది, వంగింది. వంగిన సూదిని నాకు చూపించి కొంగుకే గుచ్చుకుంది.

తర్వాత ఉస్తాద్ మమ్మల్ని వెనక వైపు తీసుకుపోయారు. అక్కడ పాత ఇళ్లు కూలగొట్టినప్పుడు వచ్చిన కట్టె పేర్చి ఉంది. అందులోంచి ఒక టేకు కంబం లాగించారు. నల్లగా, మేకుల తూట్లతో, పగుళ్లలో పాత సున్నంతో చూడటానికే దిగులుగా ఉంది. ఆయన బాడిసెతో ఒక మూల చిన్న చెక్క లేపారు. లోపల ముదురు గోధుమరంగు, ఒక్కసారిగా టేకు నూనె వాసన. మా ఆవిడ సూది పెట్టింది. ఈసారి విరిగింది.

"ఇప్పటికే ఇన్నేండ్లు నిలవడ్డది, ఇంకెన్నేండ్లు నిలవడతది ఉస్తాద్?" అన్నాను.

"వానకు ఎండకు నిలవడి గిట్ల ఉన్నదంటె అదే దాని సర్టిఫికెట్. కొత్తదానికి ఎవరిస్తరు సర్టిఫికెట్?"

"ఏ ఇంటిది? ఆ ఇల్లు ఎందుకు కూలింది?" డిపో ఆయనను అడిగాను.

"కూలలే భాయ్, కూలగొట్టిన్రు. కంబాలు నిలవడే ఉండె."

ఆ మాటతో కొంచెం ఊపిరి వచ్చింది. కొంచెమే.

రెండు రోజుల తర్వాత పాత కంబం తీయడానికి ఉస్తాద్ వచ్చారు. కింద సిమెంటు చూసి ఆగిపోయారు. "గీ సిమెంట్ ఎవరేసిన్రు?"

వేసింది నేనే. ఈ ఇంట్లోకి వచ్చిన రెండో ఏడు, గాలివానలో ఆ కంబం కదిలినట్టు నాకు అనిపించింది. ఇంకెవరికీ అనిపించలేదు. రాతి దిమ్మ మీద ఊరికే నిలబెట్టిన కంబం ఎప్పటికైనా జారుతుందని బెంగ పట్టుకుంది. సెలవు పెట్టి మరీ దిమ్మనూ కంబం మొదలునూ కలిపి చుట్టూ జానెడు ఎత్తున సిమెంటు పోశాను. రెండు కంబాలకూ పోశాను. పైనుంచి దళసరిగా ఆయిల్ పెయింట్ కొట్టాను. ఇక దీనికి ఏమీ కాదని చాన్నాళ్లు మురిసిపోయాను కూడా.

ఉస్తాద్ సుత్తెతో ఆ సిమెంటు పగలగొట్టారు. లోపల కట్టె లేదు. వాడేసిన చాయ్‌పత్తాలాంటి తడిముద్ద ఉంది. ఆయన వేళ్లతో తీసి పిండితే నీళ్లు కారాయి.

"నెలల సంది వాన లేదు. గీ తడి ఎక్కడిది?"

మా ఆవిడ తల తిప్పి మూలనున్న బకెట్ వైపు చూసింది. ప్రతి శుక్రవారం వసారా కడిగి, గడపకూ కంబాలకూ పసుపు రాసి బొట్టు పెడుతుంది. ముందుగా ఎడమ కంబం దగ్గరే రెండు బకెట్లు కుమ్మరిస్తుంది. నేను వద్దని ఏనాడూ అనలేదు, పైగా బాగా కడగమనేవాణ్ని.

"రాయి మీద నిలవెడితె నీళ్లు పోతయి, గాలి తగుల్తది," అన్నారు ఉస్తాద్. "నువ్వు కింద గిన్నె కట్టినవ్ బేటా. గిన్నెల కంబాన్ని నానవెట్టినవ్."

తప్పు నాదని తెలిసిన మరుక్షణం నాకు ఇంకొకరి మీద అరవాలనిపిస్తుంది. ఆ బుద్ధి ఇంకా పోలేదు. ఆమె వైపు తిరిగాను.

"దినాం సూదులు గుచ్చుతవ్ గదా, మెత్తగైంది నీకు తెల్వలేదా?"

"తెల్సు. పోయినేడు సంది అంగుస్తానా లేకుంటనే దిగుతున్నది."

"మరి నాకెందుకు చెప్పలే?"

ఆమె బట్ట మడత పెడుతూనే చెప్పింది. "చెప్తె ఏమైతది? అన్నం తినవ్, పండవ్, నన్ను పండనియ్యవ్. గిలాస కింద పడ్డా గుండె పట్టుకుంటవ్. నేను చూసుకుంటనే ఉన్న గదా."

"ఏం చూసుకున్నవ్?"

"కర్రుమని సప్పుడొస్తె లేచి ఉరుకుదామనుకున్న."

ఉస్తాద్ ఉలికి పదును ఉందో లేదో చూసుకునే పనిలో పడ్డారు. నేను మెట్టు మీద కూలబడ్డాను. ఏడాది పాటు ఆమె ఆ కంబం చప్పుడు వింటూ దాని కింద కూర్చుని హుక్కులు కుట్టింది. వేరే చోట కూర్చుంటే ఎందుకని నేను అడుగుతానని అక్కడే కూర్చుంది. ఇంటిని కాపాడేది నా భయమే అని ఇన్నేళ్లూ అనుకున్నాను. నిజం చెప్పాలంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆమెకు కంబం కంటే నా లొల్లి అంటేనే ఎక్కువ భయం.

కొత్త కంబాన్ని, అంటే ఆ పాత కంబాన్ని, ఎత్తయిన దిమ్మ మీద ఒక ఇనుప చీలతో నిలబెట్టారు. కట్టెకూ రాయికీ మధ్య నాణెం మందాన సందు వదిలారు. దాన్ని చూస్తుంటే నా చేతులు ఊరుకోలేదు.

"ఆ సందు మూసేద్దామా ఉస్తాద్?"

"నక్కో, వద్దు బేటా," అన్నారు. కుడి కంబం చుట్టూ ఉన్న సిమెంటు కూడా పగలగొట్టి, సుత్తెతో తట్టి చూసి, దీనికి నీళ్లు తక్కువే తగిలాయి, ప్రస్తుతానికి నడుస్తుందన్నారు.

వానలు వచ్చాయి. మొదటి రెండు వానలకు నేను గొడుగు పట్టుకుని బయట నిలబడి ఆ సందులోంచి నీళ్లు పోవడం చూశాను. మా ఆవిడ శుక్రవారాలు తడిబట్టతో తుడిచి పసుపు రాయడం మొదలుపెట్టింది. కొత్త కంబానికి సూది దిగదు కాబట్టి దానికి ఒక దూది మెత్త కట్టుకుని సూదులు అందులో గుచ్చుకుంటోంది.

శ్రావణంలో ఒక సాయంత్రం నేను చాయ్ తాగుతుంటే, తల ఎత్తకుండా అంది, "కుడి కంబంల సూది కొంచెం దిగుతున్నది."

గుండె ఎప్పటిలాగే ఎగిరిపడింది. గ్లాసు మాత్రం కింద పెట్టలేదు.

"ఎంత?"

"గోరంత."

"సరే. ఆదివారం ఉస్తాద్‌ను తోల్కొస్త. అందాక నువ్వు ఈ పక్కనే కూసో."

ఆమె కుట్టడం ఆపింది. చాలాసేపు నా ముఖం చూసింది. ఏం వెతుకుతోందో నాకు తెలుసు. నేను అలాగే కదలకుండా కూర్చున్నాను.

"ఇంకోటి గూడ చెప్పాలె," అంది. "ఎడమ కంటికి మసకగ కనవడుతున్నది. సూదిల దారం ఎక్కుతలేదు. శాన దినాలాయె."

మెత్తకు గుచ్చి ఉన్న సూదుల వైపు చూశాను. అన్నీ ఎవరో దారం ఎక్కించి పెట్టినవే. ఎన్ని రోజులైందని, ఎందుకు చెప్పలేదని నోటిదాకా వచ్చింది. మింగేశాను. గ్లాసు పక్కన పెట్టి ఆమె పీట దగ్గర నేల మీద కూర్చున్నాను.

"రేపు సెలవు పెడ్త, దవాఖానకు పోదాం. ఆ దారం అయిపోయిన సూది ఇటియ్యి, నేనెక్కిస్త."

దారం కొస నోట్లో తడిపి, సూదిని వెలుతురుకు ఎత్తి పట్టాను. మూడోసారికి దారం ఎక్కింది.