నా టమాటాకు ఆరు మార్కులు

పైనామె టమాటాల మీద నాకు ఏడుపు. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే నాకూ తేలిక, వినేవాళ్లకూ తేలిక. అరవై దాటిన మనిషిని. ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి సూపరింటెండెంటుగా దిగినదాన్ని. ప్రతి ఆదివారం చర్చిలో తల వంచుకుని అందరి క్షేమం కోసం ప్రార్థన చేసేదాన్ని. అయినా సరే, డాబా మీద ఆమె కుండీలో ఒక కాయ ఎర్రబడితే నా కడుపు భగ్గుమనేది.

మేముండేది నాంపల్లి స్టేషన్ వెనక సందులో, రెండంతస్తుల పాత ఇంట్లో. కింద నేనూ మా అమ్మా. పైన ఆమె, ఆమె భర్త. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడినప్పుడు కోస్తా నుంచి ఉద్యోగాల మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం వాళ్లది. ఆమె పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం అచ్చంగా గుంటూరుది. డాబా ఇద్దరికీ ఉమ్మడి. నీళ్ల ట్యాంకుకు ఇటుపక్క నా కుండీలు, అటుపక్క ఆమెవి.

మొదలుపెట్టింది నేను. అది మాత్రం ఎవరూ కాదనలేరు. రిటైరైన ఏడాదే ఖాళీ పెయింటు బకెట్లకు చిల్లులు పొడిచి, మూడు రకాల టమాటాలు పక్కపక్కనే వేశాను. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీముతో ఇచ్చిన చెక్క చెంచాలు కడిగి దాచి, వాటి మీద పేర్లు రాసి గుచ్చాను. నాటు, హైబ్రిడ్, చెర్రీ. హైబ్రిడ్ కాయ డాబా మీద నుంచి కిందపడ్డా పగల్లేదు. అంత గట్టి తోలు, లోపల మాత్రం ఏ రుచీ లేదు. చెర్రీ గుత్తులు గుత్తులుగా కాసింది కానీ సగం పిట్టల పాలు. మిగిలిన సగంతో పప్పు వండితే టమాటా ఎక్కడుందో వెతుక్కోవాలి. నాటుది పల్చని తోలు, కాస్త నీళ్లెక్కువైతే పగిలిపోతుంది, అయినా పులుపంటే దానిదే. రెండు కాపులు చూసి, మిగతా రెండూ పీకేసి నాటుకే కట్టుబడ్డాను.

అప్పుడొచ్చింది ఆమె, రెండు కుండీలు మోసుకుంటూ.

"మా చుట్టాలింటి విత్తనం వదినగారూ. మీ మొక్కల పక్కనే పెట్టుకుంటాను, తోడుంటాయి," అంది.

తోడట, తోడు! మూడు నెలల్లో ఆమె కాయలు చిన్న గుమ్మడికాయల్లా నొక్కులు పడి, ఒక్కొక్కటి నా అరచేతికి పట్టనంత అయ్యాయి. ఆమె వాటికి చేసేదేమైనా ఉందా అంటే, బియ్యం కడిగిన నీళ్లు పోయడం, అంతే. నేనేమో పులిసిన మజ్జిగ చల్లాను, వేపనూనె కొట్టాను, గుడ్డు పెంకులు ఎండబెట్టి దంచి వేశాను. నా కాయలు సగం సైజు. కొన్నింటికి అడుగున నల్లటి మచ్చ కూడాను. ఆమె మాత్రం నా బకెట్ల దగ్గర వంగి, "అయ్యయ్యో, పాపం," అనేది. ఆ పాపం అన్న మాటకు నాకు ఒళ్లు మండేది.

సైజు సంగతి వదిలేస్తాను. అసలు మంట అమ్మ దగ్గర.

మా అమ్మ మెదక్ వైపు మిషన్ బడిలో టీచరు చేసింది. బడి మానేసి పాతికేళ్లు దాటినా మార్కులు వేయడం మానలేదు. తలగడ కింద ఒక ఎర్ర పెన్సిల్ ఉంటుంది, దాన్ని ఇంకెవరూ ముట్టకూడదు. చిన్నప్పుడు ఒకసారి ముట్టుకున్నందుకు నా వేళ్ల మీద స్కేలుతో పడింది. ఇప్పటికీ క్యాలెండర్ కాగితాలు చింపి, వెనకవైపు ఆ పెన్సిల్‌తోనే మార్కులు వేస్తుంది. పాస్టరుగారి ప్రసంగానికి ఎనిమిది. పాలు పోసేవాడి పాలకు ఏడు. నా చారుకు ఐదు.

టమాటాలకు కూడా ఆదివారాలే పరీక్ష. చర్చి నుంచి వచ్చాక, అన్నానికి ముందు. రెండు సాసర్లలో నా కాయ ఒకటి, పైనామె ఇచ్చింది ఒకటి కోసి, ఉప్పు చల్లి పెట్టాలి. అమ్మకు చూపు బాగా మందగించింది, మనుషులూ వస్తువులూ మసకగా ఆనతాయంతే. అందుకని సాసరు చేతికందగానే మొదటి మాట, "ఎవరిదే?"

"నాది," అంటాను. నములుతుంది, నములుతుంది, కాగితం మీద అరచేయంత ఆరు వేస్తుంది.

"పైనామెది," అంటాను. తొమ్మిది.

వరసగా ఐదు ఆదివారాలు ఇదే తంతు. ఆరు, తొమ్మిది. ఆరు, తొమ్మిది. పైగా ఆమె కనబడితే చాలు, "నీ చెయ్యి మంచిదమ్మా," అని మెచ్చుకునేది. నా చెయ్యి ఏమైనట్టు? స్నానానికి నీళ్లు తోడే చెయ్యి, రాత్రి కాళ్లకు నూనె రాసే చెయ్యి?

ఈ ఏడుపు నాకు కొత్త కాదు. ఐదో తరగతిలో అమ్మే నా క్లాస్ టీచరు. ఒకసారి డిక్టేషన్‌లో నేనూ, నా పక్కన కూర్చునే పిల్లా రెండేసి తప్పులు రాశాం. అవే రెండు తప్పులు, ఎందుకంటే అది నా పలకలో చూసి రాసింది. దానికి ఎనిమిది వచ్చాయి. నాకు ఐదు. అది ఆ పలకను బడంతా తిప్పి చూపించింది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆ పిల్ల జడలో ఆ రోజున్న కనకాంబరాలు ఇవాళ్టికీ నా కళ్ల ముందున్నాయి, దాని మీద నాకింకా కోపమే.

ఆరో ఆదివారం పొద్దున, నేను చీర కట్టుకుని గేటు దగ్గర ఆటో కోసం చూస్తుంటే, పైనామె మెట్లు దిగి వచ్చి రెండు కాయలు నా చేతిలో పెట్టింది.

"టీచరుగారికి మా కాయ బాగా నచ్చిందటగా. పోనీ, మీకు కూడా ఆ నారే ఇస్తాను వదినగారూ. మీరు ఇంత కష్టపడుతుంటే చూళ్లేకపోతున్నాను," అంది.

నారు ఇస్తుందట నాకు! చర్చిలో పాటలు పాడారో ప్రసంగం చెప్పారో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఇంటికి వచ్చేలోపే నిర్ణయం అయిపోయింది. జన్మలో ఒక్కసారి నా పేరు మీద అమ్మ తొమ్మిది వేయాలి. పైనామెకు ఆరు పడాలి. అది నేను కళ్లారా చూడాలి.

వంటింట్లో ఆమె కాయ ఒకటి, నాది ఒకటి కోశాను. పైనామె కాయ ఉన్న సాసరు ముందు అందించాను.

"ఎవరిదే?"

"నాది," అన్నాను.

నమిలింది. కళ్లు మూసుకుని ఇంకొంచెం నమిలింది. పెన్సిల్ తీసింది. ఆరు.

నాకు అర్థం కాలేదు. ఈ కాయ బాగోలేదేమో అనుకున్నాను. రెండో సాసరు ఇచ్చాను, నా బకెట్‌లో కాసిన చిన్న కాయ, అడుగున మచ్చ కోసేసినది.

"ఎవరిదే?"

"పైనామెది."

"ఆఁ..." అంది నోట్లో పెట్టుకోగానే. "గిట్లుండాలె టమాట అంటే. పులుపు జూడు, గుజ్జు జూడు. జర నేర్చుకో ఆమె దగ్గర." తొమ్మిది వేసింది.

ఇక నావల్ల కాలేదు. "ఏం నేర్చుకోవాలె? నువ్విప్పుడు తిన్నది నాదే! తొమ్మిదేసినవు జూడు, అది నాది! ఆరేసింది ఆమెది! సాసర్లు మార్చి ఇచ్చిన!" అని అరిచాను. పైకి వినబడితే వినబడనీ అనుకున్నాను.

అమ్మ పెన్సిల్ కింద పెట్టింది. "పరీక్షల మోసం జేసినవా?"

"నా మోసం తర్వాత. నీ మోసం సంగతి చెప్పు ముందు."

అమ్మ వేళ్లకు అంటిన ఉప్పు చీర కొంగుకు తుడుచుకుంది. ఒక్కో వేలూ తుడుచుకుంది.

"నీకు మూడు తీసుడు అలవాటైపోయిందే," అంది.

"ఏం మూడు?"

"బడిలున్నప్పటి సంది. టీచర్ బిడ్డ గదా, ఎక్కువేసుకున్నది అంటరని నీ పలక చేతికొస్తే ముందుగాల మూడు తీసి పక్కకు పెట్టేదాన్ని. బడి అయిపోయింది గానీ ఆ అలవాటు పోలె. నీదంటే చాలు, చెయ్యి గట్లనే పోతది."

"మరి డిక్టేషన్‌ల నాకెన్ని రావాలె?" అని అడిగాను. ఏ డిక్టేషనో చెప్పలేదు. యాభై ఏళ్ల కిందటి మాట, ఏం గుర్తుంటుందిలే అనుకున్నాను.

"ఎనిమిది," అంది వెంటనే. "తప్పులు ఇద్దరియీ ఒక్కటే గదా. ఆ పిల్ల నీ పలకల జూసే రాసిందని గూడ నాకెరుకే."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. అంత తెలిసి కూడా నన్ను గోడవైపు నిలబడనిచ్చావా అని అడిగాను. మరి రాత్రి ఇంటికొచ్చాకైనా చెవిలో ఒక్క మాట చెప్పొచ్చు కదా అన్నాను. చెబితే నువ్వు పోయి అందరికీ చెప్పెటిదానివి అంది. అదీ నిజమే, చెప్పేదాన్నే. ఆ పూట ఇద్దరం ఎడమొహం పెడమొహంగా అన్నం తిన్నాం.

సాయంత్రం డాబా ఎక్కాను. ఆమె కాయలు ఎర్రగా, బొద్దుగా, ట్యాంకు అవతల వేలాడుతున్నాయి. లెక్క ప్రకారం నావీ ఆమెవీ సమానం, తొమ్మిదికి తొమ్మిది. సంతోషించాలి కదా? ఏమీ సంతోషం కలగలేదు. ఆమె చుట్టాలు విత్తనం పంపితే ఆమెకు తొమ్మిది. నేను మజ్జిగలూ వేపనూనెలూ మోసి, నల్లమచ్చలు కోసుకుంటూ నాకూ తొమ్మిదేనా? సమానం చాలదు నాకు. ఇన్నేళ్ల బాకీ ఉంది.

తర్వాతి ఆదివారం మామూలుగానే సాసరు పెట్టాను.

"ఎవరిదే?"

"నాది. నిజంగానే నాది."

అమ్మ నమిలింది. పెన్సిల్ పట్టుకుంది. మొన కాగితం మీద ఆనించి అలాగే ఉండిపోయింది. తొమ్మిది వేయాలని చూస్తోందని నాకు తెలుస్తూనే ఉంది, పెదవులు కూడా ఆ అంకె పలుకుతున్నాయి. చెయ్యి మాత్రం కదిలి మళ్లీ ఆరే వేసింది.

"నాతోని అయితలేదే," అంది. ఎర్ర పెన్సిల్ తిప్పి, వెనకవైపు నాకు అందేలా పట్టుకుంది. "ఇగో, ఆ మూడు నువ్వే ఏసుకో."

నేను చేయి చాపడానికి కొంచెం భయపడ్డాను, స్కేలు పడుతుందేమో అన్నట్టు. పెన్సిల్ నేననుకున్నదానికంటే పొట్టిగా ఉంది. చెక్కీ చెక్కీ వేలెడే మిగిలింది.

"ఏసినవా? ఎంతేసినవ్?"

"మూడే," అన్నాను.

నాలుగు వేశాను.