యువరాజు చూపు కోసం టెక్కలి వెళ్లిన సంతోషి

మా పేటలో నన్ను మించిన ఆటో డ్రైవరు లేడు. తిత్లీ తుఫానులో నా ఆటో గాల్లోకి లేచి, మూడు కొబ్బరితోటలు దాటి పూండిలో దిగింది. అద్దం కూడా పగల్లేదు. తొమ్మిదో తరగతి తప్పినవాడి మాటలని చదువుకున్నవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి, వాళ్ల బళ్లేవీ ఎగరలేదు.

ఆ ఆటోలోనే మా సంతోషిని టెక్కలి కోర్టుకి తీసుకువెళ్లాను. వరసకి నాకు మరదలు. తండ్రి పోలయ్య గుజరాత్ వెళ్లి వేరావల్ బోట్ల మీద చేపల వేట చేస్తాడు, వేసవి దాకా రాడు. తల్లి కిడ్నీల జబ్బుతో పోయింది. పగలంతా పలాసలో జీడిపప్పు పొట్టు తీసి ఇంటికొస్తే, ఆ పిల్లకి తోడు ఫోనొక్కటే. ఆ ఫోనులోనే దొరికాడు యువరాజు.

వాడు హైవే మీద లారీలాపి దోచుకునేవాడు. ఒక డ్రైవరుని కత్తితో పొడిచి రిమాండులో ఉన్నాడు. వాడు పోలీసు వ్యాను దిగే వీడియోకి ఎవరో పాట తగిలించి, స్లో మోషన్‌లో నడిపించి వదిలారు. ఇంక చూడండి, ఏ ఆడపిల్ల ఫోనులో చూసినా వాడే. సంతోషి మాత్రం వాడి పేరుతో ఉన్న ఖాతాకి రోజూ "తిన్నావా?" అని రాసేది. ఆ ఖాతా నడిపేదెవరో గాని, ఎర్ర గుండె బొమ్మొకటి పడేసేవారు. అదే దీనికి జవాబు.

"మనిసిని పొడిసినాడే పిల్లా!" అన్నాను.

"నువ్వు సూసినావేటి బావా? ఆ కళ్లున్నోడు పొడుత్తాడా?"

"నాకూ ఉన్నాయి కళ్లు."

"నీవి కళ్లేటి, ఎండిపోయిన సేప కళ్లు."

వాయిదా రోజున పని మానేసి, కొత్త డ్రెస్సు వేసుకుని ఆటో ఎక్కింది. దారంతా ఒకటే మాట. "ఒక్కసారి నన్ను సూత్తే సాలు బావా. నేనొకదాన్ని ఉన్నానని తెలుత్తాది."

కోర్టు గేటు దగ్గర నిలబడ్డాం. తండ్రి మా పేట సముద్రంలోనే వేటాడిన రోజుల్లో, అలల అవతల నల్లచుక్కలా ఉండగానే తమ తెప్ప ఏదో చెప్పేసిన పిల్ల అది. వ్యాను వచ్చింది. పోలీసుల మధ్య ఇద్దరు ముగ్గురు దిగి గబగబా లోపలికి పోయారు. సంతోషి ఇంకా వ్యాను తలుపు వైపే చూస్తోంది.

"దిగడేటి బావా?"

"ఎల్లిపోనాడే! ఆ గళ్ల సొక్కావోడు."

"అంత పొట్టోడా?" అంది.

వీడియోలో తేలుతున్నట్టు నడిచేవాడినే అది ఎరుగును. మామూలుగా నడిచే యువరాజుని ఎన్నడూ చూడలేదు.

వాళ్లు బయటికి వచ్చేసరికి చేతిలో ఫోనుతో జనాన్ని తోసుకుని ముందుకు వెళ్లింది. "యువరాజూ!" అని అరిచింది. వాడు ఆగాడు. జుట్టు సర్దుకున్నాడు.

"రీలా? ఇటేపు నుంచి తియ్యి. అటు బాగుండదు."

కానిస్టేబులు గెంటుతున్నా, వ్యాను తలుపు పడేదాకా సంతోషి ఎత్తిన ఫోనుకేసి నవ్వుతూనే ఉన్నాడు.

ఇంటిదారిలో నౌపడ దాటాం. నేను సొరచేపని లుంగీతో పట్టిన కథ చెప్పాను. నవ్వలేదు.

"బావా, నన్ను సూసినాడా?"

అబద్ధాలాడటంలో జిల్లాలో నాకు పోటీ లేదు. అయినా ఒక్కటీ నోటికి రాలేదు.

"ఫోన్ని సూసినాడు," అన్నాను.

"ఫోను నాదే కదా," అంది.

ఆ రీలు పెట్టేసింది. పూండి చేరేలోగా ఫోను ఆగకుండా మోగడం మొదలైంది. కామెంట్లు పైకి చదివి వినిపించింది. 'నన్నే చూశాడు' అని ఒకమ్మాయి. 'కాదు, నన్ను' అని ఇచ్ఛాపురం నుంచి ఇంకొకమ్మాయి. చదువుతూ చదువుతూ మధ్యలో మానేసింది. అద్దంలో చూస్తే, ఫోను ఒళ్లో బోర్లా ఉంది.

ఇంటి ముందు దిగాక అంది: "తీసిందెవులని ఒక్కలూ అడగనేదు బావా."

తాళం తీసుకుని లోపలికి వెళ్తోంది. నేను హారను కొట్టాను. వెనక్కి చూడలేదు.