గుడ్డు పెంకుల గుట్టు

పెళ్ళయి నందిగామ నుంచి జగ్గయ్యపేట కాపురానికి వచ్చిన కొత్తలో సంగతి. మా అత్తగారు గుడ్డును కూడా ఇంట్లోకి రానివ్వరు. పెరట్లో స్నానాలగది, దాని గోడల నిండా బల్లులు. నాకేమో బల్లంటే చచ్చేంత భయం. గుడ్డు పెంకులుంటే బల్లులు రావని ఎవరో చెబితే, పక్కింటావిడనడిగి నాలుగు పెంకులు తెచ్చి తలుపు పైన దాచాను.

వరలక్ష్మీవ్రతం నాడు ముత్తైదువులు పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే గాలికి ఆ పెంకులు వాళ్ళ ముందే రాలాయి.

"కొత్త కోడలు చాటుగా ఆమ్లెట్లు లాగిస్తోందే!" అందొకావిడ.

"ఒట్టండీ అత్తయ్యగారూ, నేను తినలా! బల్లులు పోతాయని పెట్టా!" అని ఏడ్చేశాను.

అత్తయ్యగారు మడి చీరతోనే వంగి పెంకులన్నీ ఏరి గోడవతల పారేశారు.

"బల్లుల్ని తోలేస్తే ఇక్కడి దోమల్ని, పురుగుల్ని నువ్వు తింటావుటే?" అన్నారు. అందరూ నవ్వేశారు. ఆమ్లెట్ల మాట అక్కడితో ఆగిపోయింది. ఆవిడ మళ్ళీ తలస్నానం చేసి వ్రతానికి కూర్చున్నారు.

పెంకులు మళ్ళీ పెట్టలేదు. ఇప్పటికీ తలుపు తట్టి, బల్లులు తప్పుకున్నాకే లోపలికి వెళ్తాను. ఆవేళ అత్తయ్యగారు వెనకేసుకొచ్చింది బల్లుల్నే అనుకున్నారంతా. నన్ను కూడానని నాకు తెలుసు.