తెరుచుకోని కిటికీల సర్టిఫికెట్

మా తాతలు సముద్రం దాటొచ్చి స్థిరపడిన చిమిండైంగ్‌లో మా పాత చెక్క ఇంటిని కాంట్రాక్టరుకిచ్చి, బదులుగా అతను కట్టిన మేడలో రెండో అంతస్తు వాటా పుచ్చుకున్నాం. తాళాలిచ్చిన రోజు అతని మనిషి, కింద గోడకు తగిలించిన ఫ్రేము చూపించి మురిసిపోయాడు. కొత్త మేడ కరెంటు తక్కువ తింటుందని అందులో సర్టిఫికెట్. చల్లదనం బయటికి పోకుండా కిటికీలకు మందపాటి అద్దాలు బిగించేశారు. తెరుచుకోవు. మా అమ్మది ఉబ్బసం ఒళ్లు.

"గాలెటునుంచి వస్తాది సయా?" అని, ఇక్కడి భాషలో అయ్యా అన్నట్టు, అతన్ని అడిగింది.

"ఏసీ ఉంది కదా ఆంటీ," అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఏడే సైన్యం గద్దెనెక్కింది. సర్టిఫికెట్ మాట అక్షరాలా నిజమైంది. కరెంటే రాదు, ఇక మేడ తినేదేమిటి? ఇంట్లో చేరిన దెయ్యాన్ని తరమాలంటే ఇక్కడ గిన్నెలు బాదుతారు. రోజూ రాత్రి ఎనిమిదింటికి వీధి వీధంతా సైన్యాన్ని తరమడానికి బాదేది. అమ్మా అద్దం వెనక నిలబడి మూకుడు మీద గరిటెతో బాదేది. ఆ మోతకి మా చెవులు చిల్లులు పడేవి గానీ వీధిలో ఎవరికీ వినిపించేది కాదు, చీకట్లో అమ్మ కనిపించేదీ కాదు. మేము సైన్యం వైపనుకుని ఎదురింటివాళ్లు పలకరింపు మానేశారు. అమ్మ అది తట్టుకోలేకపోయింది.

వానాకాలంలో జబ్బొచ్చి ఊరంతా తలుపులేసుకుంది. అమ్మకూ సోకింది. ఆక్సిజన్ సిలిండరు దొరకలేదు. గది ఇడ్లీపాత్రలా ఉడుకుతుంటే నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంది. కాంట్రాక్టరు మనిషికి ఫోన్ చేసి అద్దం ఊడదీయించమన్నాను.

"తీస్తే సర్టిఫికెట్ పోద్ది. మిగతా వాటాలవాళ్లు ఊరుకోరు," అన్నాడు.

"నీ సర్టిపికేట్టు తగలెయ్యా!" అన్నాను, వాడికి తెలియని తెలుగులో.

సన్నికల్లు పొత్రం తెచ్చి కొట్టాను. ఆ దిక్కుమాలిన అద్దం ఓ పట్టాన చావలేదు. పగిలాక వాన జల్లూ, నది గాలీ, బజారు చేపల కంపూ కలిసి లోపలికొచ్చాయి. అమ్మను లేపి అక్కడ కూర్చోబెట్టాను. ఆ కంపు గాలే ఆబగా పీల్చుకుంది.

కొన్నాళ్లకు తేరుకుంది. గిన్నె మోగితే సైనికులు పట్టుకుపోతున్నారని అప్పటికి వీధి నోరు మూసుకుంది. ఓ రాత్రి ఎనిమిదవుతుండగా అమ్మ మూకుడడిగింది.

"ఇప్పుడేటమ్మా? ఎవులూ కొట్టట్లేదు."

"నాను కొట్టినానని ఆలకేటి తెలుసు? ఇయాలైనా ఇననీ."

వద్దంటున్నా పగిలిన అద్దం దగ్గరికెళ్లి ఒక్కటి కొట్టింది. గరిటె దించకుండా అక్కడే నిలబడింది. తర్వాత ఎదురింట్లో ఎవరో మూత మీద ఒక్కటి కొట్టారు.