గోడ మీద వరద గీత

ఇక్కడ అరబ్బు దేశంలో, జెబెల్ అలీలో మా ఆఫీసు ముదీర్, అంటే మేనేజరు, స్కాట్లండాయన. పొద్దున దిగులుగా వాళ్ళ ఊరి ఫొటో చూపించాడు: ఏటి ఒడ్డున ఏడు రాతి ఇళ్ళు, పాత పడవల రేవు, ఒక గోడ మీద తాతల నాటి వరద గీతలు. అక్కడిప్పుడు ఏరు పొంగుతోందట.

మీరూ మన గోదారి లంకవాళ్ళే కదా, అక్కడ మా పెద్దమ్మ ఇంటి గోడ మీద పాత వరద ఎత్తుకి పెట్టిన బొగ్గు గీత గుర్తుందా మీకు? సున్నం వేస్తూ నేనే చెరిపేశాను. ఆ వారమే ఎర్రనీరు వచ్చింది. బియ్యం గీతకి పైన పెట్టాలి, మరి గీతేదీ? పెద్దమ్మ నన్ను గోడకానించి, "దీని ముక్కు దగ్గరుండేది, కదలకే!" అంటూ కొత్తది గీసింది. గోదారి గుమ్మం దాకా వచ్చి వెనక్కి మళ్ళింది.

ఇందాక ముదీర్‌కి చెల్లెలు ఫోన్ చేసింది. నీళ్ళు గీతల కిందే ఆగాయట. "ఖలాస్!" అంటూ, గండం గడిచినట్టు కుర్చీలో వాలిపోయాడు.

నేను నా ముక్కు తడిమి చూసుకున్నాను.